2020లో దాఖలైన పేటెంట్ 2028లోనే ఎందుకు ముగుస్తుంది: చేతి గడియారాల పేటెంట్ కుటుంబం ఒకదానిపై కేస్ స్టడీ

చేతికి కట్టుకునే పరికరంలో రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని కొలిచే సదుపాయం పెట్టాలనుకున్న ఒక చిన్న హార్డ్‌వేర్ కంపెనీ కోసం నేను చేసిన పేటెంట్ గడువు పరిశీలన ఇది. క్లయింట్ ఎవరో బయటపడకూడదు కనుక వారి ఉత్పత్తి వివరాలు ఇక్కడ రాయడం లేదు. పరిశీలించిన పేటెంట్లు మాత్రం బహిరంగ రికార్డులో ఉన్నవే. వాటి మీద నడిచిన వ్యాజ్యం పత్రికల్లో విస్తృతంగా వచ్చినదే.

వారు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ పేటెంట్లు ఎప్పటికి అయిపోతాయి? వస్తూ వస్తూ ఒక ఎక్సెల్ పట్టిక కూడా తెచ్చారు. అందులో వైద్య పరికరాల సంస్థ మాసిమోకు చెందిన 10,912,502, 10,945,648 నంబర్ల అమెరికా పేటెంట్ల ఎదురుగా దాఖలు తేదీ 2020 సెప్టెంబరు 24 అనీ, గడువు తేదీ 2040 సెప్టెంబరు 24 అనీ ఉన్నాయి. దాఖలు తేదీకి ఇరవై ఏళ్లు కలిపి కింది గడులన్నిటికీ అదే సూత్రాన్ని లాగేశారన్నమాట. ఆ పట్టిక తయారుచేసిన ఇంజనీరు, "2040 దాకా ఆగాలంటే ఈ ఫీచర్‌ను వదిలేయడమే మేలు కదండీ" అన్నారు. ఆ పట్టిక నిజమే అయితే ఆయన అన్నదీ నిజమే. కానీ అందులో తప్పు పన్నెండేళ్ల పైచిలుకు ఉందని తేలింది.

ముందుగా ఈ రెండు పేటెంట్ల ప్రాముఖ్యం చెప్పాలి. యాపిల్ సంస్థ రక్తంలో ఆక్సిజన్ కొలిచే మొదటి గడియారాన్ని, అంటే సిరీస్ 6ను, 2020 సెప్టెంబరులో విడుదల చేసింది. అదే నెల 24న మాసిమో ఈ రెండు దరఖాస్తులను దాఖలు చేసింది. మొదటిది 2021 ఫిబ్రవరి 9న, రెండవది మార్చి 16న మంజూరయ్యాయి. ఆ జూన్‌లోనే మాసిమో, పేటెంట్లను ఉల్లంఘించే దిగుమతులను ఆపగల అమెరికా ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు చేయగా, 337-టీఏ-1276 నంబరుతో విచారణ మొదలైంది. 2023 అక్టోబరు 26న కమిషన్ మొదటి పేటెంట్‌లోని 22, 28 క్లెయిమ్‌లనూ (క్లెయిమ్ అంటే పేటెంట్ దేనికి రక్షణ ఇస్తుందో చెప్పే వాక్యం), రెండవ దానిలోని 12, 24, 30 క్లెయిమ్‌లనూ యాపిల్ గడియారాలు ఉల్లంఘించాయని తేల్చి, దిగుమతిని అడ్డుకునే ఉత్తర్వు ఇచ్చింది. అధ్యక్షుని సమీక్షకు చట్టం ఇచ్చిన అరవై రోజులు పూర్తయ్యాక డిసెంబరు 26న ఆ ఉత్తర్వు ఖాయమైంది. మరుసటి రోజు పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు కొద్దికాలం నిలిపివేసినా, 2024 జనవరి 17న ఆ ఉపశమనం తొలగిపోయింది. 18వ తేదీ నుంచి అమెరికాలో ఆ గడియారాలు ఆక్సిజన్ సదుపాయాన్ని నిలిపివేసిన రూపంలో అమ్ముడయ్యాయి. ఇలాంటి ఉత్తర్వు పేటెంట్ బతికి ఉన్నంత కాలమే అమల్లో ఉంటుంది కనుక, గడువు తేదీ ఇక్కడ కేవలం పాఠ్యపుస్తకపు ప్రశ్న కాదు.

వంశవృక్షం ఎక్కడం

అమెరికా చట్టసంహిత 35వ శీర్షికలోని 154వ సెక్షన్ పేటెంట్ కాలపరిమితిని నిర్ణయిస్తుంది. 1995 జూన్ 8న గానీ ఆ తర్వాత గానీ దాఖలైన యుటిలిటీ దరఖాస్తులకు (వస్తువు పనితీరుకు రక్షణ కోరేవాటికి) గడువు దాఖలు తేదీ నుంచి ఇరవై ఏళ్లు అన్నది అందరికీ తెలిసిన సగం వాక్యం. ఆ వాక్యంలో రెండో సగం కూడా ఉంది: ఆ దరఖాస్తు అంతకుముందున్న మరొక దరఖాస్తును 120, 121 వంటి సెక్షన్ల కింద తన పూర్వీకురాలిగా ప్రస్తావిస్తే, ఇరవై ఏళ్ల లెక్క అలా ప్రస్తావించిన వాటిలో అన్నిటికన్నా పాతదాని దాఖలు తేదీ నుంచి మొదలవుతుంది. అంటే తాత పుట్టిన రోజు నుంచి మనవడి ఆయుష్షు లెక్కించినట్టు. 2020లో పుట్టిన మనవడికైనా 2019లో పుట్టిన కొడుకుకైనా చివరి రోజు ఒకటే.

ఇక్కడే చాలామంది పొరబడే మరో నియమం ఉంది. విదేశీ దరఖాస్తు ఆధారంగా గానీ ప్రొవిజనల్ దరఖాస్తు (ముందు తేదీని పట్టి ఉంచడానికి పెట్టే తాత్కాలిక దరఖాస్తు) ఆధారంగా గానీ 119వ సెక్షన్ కింద పొందే ప్రాధాన్యం, అంటే ఆ పాత తేదీని వాడుకునే హక్కు, ఈ లెక్కలోకి రాదు. అందువల్ల ఒకే పేటెంట్‌కు రెండు గడియారాలు నడుస్తుంటాయి. మొదటిది ప్రాధాన్య తేదీ. ఏ పాత సాహిత్యాన్ని, అంటే ఈ ఆవిష్కరణ కొత్తది కాదని చూపే ముందటి ప్రచురణలనూ పేటెంట్లనూ, దాని మీద ప్రయోగించవచ్చో అది చెబుతుంది. రెండవది కాలపరిమితి మొదలయ్యే తేదీ. పేటెంట్ ఎప్పుడు ముగుస్తుందో అది చెబుతుంది. పేటెంట్ డేటాబేస్‌లలో కొట్టొచ్చినట్టు కనిపించేది మొదటిదే. దానికి ఇరవై కలిపి గడువు రాసినవారినీ చూశాను, క్లయింట్ లాగా సొంత దాఖలు తేదీకి ఇరవై కలిపినవారినీ చూశాను. ఒకరు తక్కువ చెబుతారు, ఒకరు ఎక్కువ చెబుతారు.

ఈ పద్ధతిలో మన పేటెంట్ల మొదటి పేజీ నుంచి వెనక్కి నడిచాను. 2018 డిసెంబరు నుంచి 2020 సెప్టెంబరు వరకు కొద్ది నెలలకొకటి చొప్పున కంటిన్యుయేషన్ దరఖాస్తుల వరుస కనిపించింది. కంటిన్యుయేషన్ అంటే పాత వివరణలో అక్షరం కూడా కలపకుండా క్లెయిమ్‌లను మాత్రమే కొత్తగా రాసి పెట్టే దరఖాస్తు. మార్కెట్లోకి వచ్చిన వస్తువును ఎదురుగా పెట్టుకొని, పదేళ్ల కిందటి వివరణలో ఉన్న మాటలతోనే ఆ వస్తువుకు సరిపడేలా క్లెయిమ్‌లు రాయడం అమెరికా విధానంలో చెల్లుతుంది. వేరబుల్ (ఒంటి మీద ధరించే పరికరాల) రంగంలో ఈ ఎత్తుగడ చాలా కాలంగా వాడుకలో ఉంది. మూల దరఖాస్తు తర్వాత పన్నెండేళ్లకు ఈ క్లెయిమ్‌లు తెచ్చారని, ఆ జాప్యం కారణంగా పేటెంట్లను అమలు చేయనివ్వరాదని యాపిల్ వాదించింది. కమిషన్ ఆ వాదనను అంగీకరించలేదు.

ఆ వరుస వెనుక 2015 డిసెంబరు నాటి దరఖాస్తు ఉంది. దాని వెనుక 2010 జులై 1న దాఖలై 2016లో 9,277,880 నంబరుతో మంజూరైనది ఉంది. దానికీ వెనుక 2009 ఆగస్టు 3 నాటి దరఖాస్తు ఒకటి, 2009 జులై 2 నాటివి రెండు ఉన్నాయి. వీటన్నిటికీ పైన 2008 జులై, ఆగస్టు నెలల్లో పెట్టిన ప్రొవిజనల్ దరఖాస్తుల గుంపు ఉంది. వాటిలో మొదటివి 2008 జులై 3 నాటివి.

ప్రొవిజనల్ దరఖాస్తులు లెక్కలోకి రావు కనుక, మొదటి అసలైన దరఖాస్తు 2009 జులై 2 నాటిది. ఇరవై కలిపితే 2029 జులై 2. నా మొదటి ముసాయిదా నివేదికలో నేను రాసిన తేదీ అదే. రాసి, సంతకానికి పంపడానికి సిద్ధపరిచాను కూడా.

29తో మొదలయ్యే నంబరు

మా పద్ధతి ప్రకారం ఎవరి నివేదికనైనా పంపేముందు ఇంకొకరు వంశవృక్షాన్ని మొదటి నుంచి తిరిగి గీస్తారు. నా ముసాయిదాను చూసిన సహోద్యోగిని ఒక వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, "ఈ 29 ఏమిటండీ?" అని అడిగారు. 2009 జులై 2 నాటి దరఖాస్తుల్లో ఒకటి, 29/323,408, 29/323,409 అనే రెండు దరఖాస్తులకు తాను కంటిన్యుయేషన్-ఇన్-పార్ట్ అని, అంటే వాటికి కొత్త విషయం కలిపి పెట్టిన దరఖాస్తునని చెప్పుకుంది. ఆ రెండూ 2008 ఆగస్టు 25న దాఖలయ్యాయి. నేను ఆ పంక్తిని చదవలేదని కాదు. చదివి, తేదీ 2008 అని చూసి, పక్కనున్న ప్రొవిజనల్ దరఖాస్తుల గుంపులో కలిపేసి ముందుకు పోయాను.

అమెరికా పేటెంట్ ఆఫీసులో దరఖాస్తు నంబరు ముందుండే రెండంకెలు దాని జాతిని చెబుతాయి. 60 నుంచి 63 వరకు ఉన్నవి ప్రొవిజనల్ దరఖాస్తులు. 12, 14, 16 వంటివి సాధారణ యుటిలిటీ దరఖాస్తులు. 29 అంటే డిజైన్ దరఖాస్తు, వస్తువు బయటి ఆకారానికి రక్షణ కోరేది. ఈ రెండు డిజైన్ దరఖాస్తులు డి606,659, డి621,516 నంబర్లతో డిజైన్ పేటెంట్లుగా మంజూరయ్యాయి. డిజైన్ దరఖాస్తులోని బొమ్మలు ఒక ఆవిష్కరణను తగినంతగా చూపిస్తే, యుటిలిటీ దరఖాస్తు దాన్ని 120వ సెక్షన్ కింద పూర్వీకురాలిగా చెప్పుకోవచ్చు. అలా చెప్పుకున్నాక 154వ సెక్షన్ 'దరఖాస్తు' అనే అంటుంది తప్ప 'డిజైన్ కాని దరఖాస్తు' అనదు. కాబట్టి ఇరవై ఏళ్ల లెక్క 2008 ఆగస్టు 25 నుంచి మొదలై, 2028 ఆగస్టు 25న ముగుస్తుంది. దిగుమతి ఉత్తర్వు గురించి వచ్చిన వార్తల్లోనూ ఈ పేటెంట్ల గడువు 2028 ఆగస్టు అనే కనిపిస్తుంది. నేను మొదట రాసిన తేదీకీ దీనికీ తేడా 311 రోజులు.

ఈ 311 రోజులను నేను ఇంత పట్టుకుని వేలాడటానికి కారణం ఉంది. క్లయింట్ తమ పరికరాన్ని 2028 చివరి అమ్మకాల కాలానికి అమెరికాకు తేవాలనుకుంటున్నారు. 2040 అని చెబితే ఫీచర్‌ను వదిలేసేవారు. 2029 జులై అని చెబితే ఒక సీజన్ పోయేది, లేదంటే లైసెన్స్ కోసం డబ్బు కట్టడానికి బేరాలు మొదలుపెట్టేవారు. 2028 ఆగస్టు 25 అయితే వారి ప్రణాళికలో కదపవలసింది దాదాపు ఏమీ లేదు. ఒక పంక్తిలో ఒక నంబరు మొదటి రెండంకెలు మొత్తం నిర్ణయాన్ని మార్చేశాయి.

క్లయింట్ వాడిన సాధనం ఆ డిజైన్ పేటెంట్లను కుటుంబంలో చూపించలేదని తర్వాత గమనించాను. కుటుంబం అనే మాటకు డేటాబేస్‌లలో ఒకే అర్థం లేదు. యూరోపియన్ పేటెంట్ ఆఫీసు సమాచారంలో సరళ కుటుంబం అంటే సరిగ్గా ఒకే ప్రాధాన్యాల సమూహం ఉన్న దరఖాస్తులు మాత్రమే. అదే ఆఫీసు ఇన్‌పాడాక్ డేటాబేస్‌లో విస్తృత కుటుంబం అంటే నేరుగానో మరొకదాని ద్వారానో కనీసం ఒక ప్రాధాన్యాన్ని పంచుకునేవన్నీ. కంటిన్యుయేషన్-ఇన్-పార్ట్‌లు ఎక్కువగా ఉన్న అమెరికా కుటుంబం మొదటి లెక్కలో నాలుగైదు ముక్కలుగా విడిపోతుంది. రెండో లెక్కలో సంబంధం లేనంత దూరపు చుట్టాలు కూడా పందిట్లోకి వస్తారు. గడువు లెక్కకు ఈ రెండూ నమ్మదగినవి కావు. మంజూరైన పేటెంట్ మొదటి పేజీలో ఉండే సంబంధిత దరఖాస్తుల సమాచారాన్ని, వివరణ మొదటి పేరాను, పేటెంట్ ఆఫీసు ఫైలులోని దరఖాస్తు సమాచార పత్రాన్ని పక్కపక్కన పెట్టి చేత్తో గీసుకున్న చెట్టే నమ్మదగినది. దిద్దుబాటు సర్టిఫికెట్ ఏమైనా ఉంటే దాన్నీ చూడాలి, ఎందుకంటే పూర్వీకుల ప్రస్తావన మంజూరు తర్వాత సవరించబడి ఉండవచ్చు.

ఆ డిజైన్ పేటెంట్లే ఇప్పుడు లేవు. 2015 మే 13కు ముందు దాఖలైన డిజైన్లకు కాలపరిమితి మంజూరు నుంచి 14 ఏళ్లు (ఆ తర్వాతి వాటికి 15), కనుక 2009 చివరలోనూ 2010లోనూ మంజూరైన ఈ రెండూ 2023, 2024 సంవత్సరాల్లో ముగిసిపోయాయి. తాము ముగిసిపోయినా తమ సంతతి చివరి తేదీని మాత్రం శాసిస్తూనే ఉన్నాయి. ప్రొవిజనల్ దరఖాస్తుల ద్వారా 2008 జులై 3 నాటి ప్రాధాన్యం ఎలాగూ ఉండగా, డిజైన్ దరఖాస్తులను ఆ గొలుసులో కలపడం వల్ల యజమానికి పది నెలల ఆయుష్షు తగ్గింది. దరఖాస్తు పెండింగులో ఉండగా ఇలాంటి ప్రస్తావనను తొలగించుకునే వీలుంది. తొలగిస్తే కాలం పెరుగుతుంది గానీ, ఆ మధ్యకాలపు పాత సాహిత్యానికి తలుపు తెరుచుకునే ప్రమాదం ఉంటుంది. ఏది లాభమో లెక్క వేసుకోవలసింది దరఖాస్తు రాసే రోజునే.

తిరిగి కిందికి దిగడం

పైకి ఎక్కి మూల తేదీని పట్టుకోవడం సగం పని. ఇప్పుడు ఆ తేదీని పట్టుకొని ఒక్కొక్క కొమ్మ మీదికి దిగుతూ, దాన్ని ముందుకు గానీ వెనక్కి గానీ జరిపేవి ఏమైనా ఉన్నాయా అని చూడాలి.

ముందుకు జరిపేది ప్రధానంగా పేటెంట్ టర్మ్ అడ్జస్ట్‌మెంట్. మొదటి సమీక్షా పత్రం పంపడానికి ఆఫీసు 14 నెలలు మించితే, లేదా మంజూరుకు మొత్తం మూడేళ్లు దాటితే, ఆ ఆలస్యానికి తగిన రోజులు (దరఖాస్తుదారు చేసిన ఆలస్యాన్ని తీసివేసి) కాలపరిమితికి కలుస్తాయి. మన మొదటి పేటెంట్ దాఖలైన నాలుగున్నర నెలలకే మంజూరైంది, రెండవది ఆరు నెలల లోపు. ఆలస్యమే లేనప్పుడు కలపడానికి రోజులు ఎక్కడివి? కానీ 2010 జులైలో దాఖలై 2016 మార్చిలో మంజూరైన పెద్ద సభ్యురాలి సంగతి వేరు. అలాంటి దాని మొదటి పేజీ మీద నక్షత్రం గుర్తు పక్కన ఉండే నోటీసులో రోజుల సంఖ్య చూడాలి. ఆ సంఖ్య పెద్దదైతే, పిల్లలందరూ పోయిన తర్వాత కూడా తల్లి బతికి ఉండవచ్చు. చిన్నవాటి గడువు చూసి కుటుంబమంతా ముగిసిందనుకోవడం ఎంత తప్పో చెప్పడానికి ఇది చాలు. అందుకే క్లయింట్ పరికరాన్ని పాత సభ్యుల క్లెయిమ్‌లతో విడిగా, పంక్తి పంక్తికీ పోల్చి, ఆ పోలికను వేరే పట్టికగా నివేదికకు జోడించాము.

వైద్య పరికరాల విషయంలో నియంత్రణ సంస్థ అనుమతికి పట్టిన కాలాన్ని తిరిగి ఇచ్చే మరో పొడిగింపు 156వ సెక్షన్ కింద ఉంది. కానీ పరికరాలకు అది పూర్తిస్థాయి ముందస్తు ఆమోదం పొందవలసిన తరగతికే వర్తిస్తుంది. ఇప్పటికే ఉన్న పరికరంతో సమానమని చూపించి అనుమతి పొందే పల్స్ ఆక్సిమీటర్ల వంటివాటికి ఆ దారి లేదు. కనుక దాన్ని ఒక్క వాక్యంలో తోసిపుచ్చాము.

వెనక్కి జరిపేవి రెండు. మొదటిది టెర్మినల్ డిస్‌క్లెయిమర్. ఒకే ఆవిష్కరణకు స్వల్ప మార్పులతో రెండు పేటెంట్లు కోరుతున్నారన్న అభ్యంతరం వచ్చినప్పుడు, రెండోది మొదటిదానితోపాటే ముగుస్తుందని యజమాని రాసిచ్చే పత్రం అది. అలా రాసిస్తే, ఆ తేదీకి మించిన అడ్జస్ట్‌మెంట్ రోజులు రద్దవుతాయి. రోజులు కలవని కంటిన్యుయేషన్లన్నీ ఎలాగూ ఒకే రోజున ముగుస్తాయి కనుక ఇక్కడ ఆ పత్రం తేదీని కదపదు. అయినా దాన్ని చదవాలి, ఎందుకంటే ఆ రెండు పేటెంట్లు ఒకే యజమాని చేతిలో ఉన్నంత కాలమే అమలు చేయవచ్చన్న షరతు కూడా అందులో ఉంటుంది. కంపెనీ విభాగాలు అమ్ముడుపోయే రంగంలో, ఆ షరతును మరిచి ఒక పేటెంట్‌ను మాత్రమే అమ్మేస్తే చేతిలో మిగిలేది కాగితమే.

ఇదే విషయం మీద 2023 ఆగస్టులో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు సెలెక్ట్ కేసులో ఇచ్చిన తీర్పు చాలా కుటుంబాల లెక్కలను కదిలించింది. అడ్జస్ట్‌మెంట్ రోజులు కలిసి ఎక్కువ కాలం బతికే పేటెంట్‌ను, ముందుగా ముగిసే సోదర పేటెంట్ ఆధారంగా చెల్లనిదిగా చేయవచ్చని అందులో తేలింది. ఏడాది తర్వాత అలర్గన్ కేసులో అదే కోర్టు ఒక హద్దు గీసింది: కుటుంబంలో ముందుగా దాఖలై ముందుగా మంజూరైన దాన్ని, తర్వాత వచ్చిన పిల్లలను చూపించి పడగొట్టడం కుదరదు. మనం చూస్తున్నలాంటి పొడవైన కుటుంబాల్లో పాత సభ్యులకు రక్షణ ఉంటుందా లేదా అన్నది ఈ రెండు తీర్పులనూ కలిపి చదివితేనే తెలుస్తుంది.

వెనక్కి జరిపే రెండవది మెయింటెనెన్స్ ఫీజు. యుటిలిటీ పేటెంట్‌ను బతికించుకోవాలంటే మంజూరైన మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్లకు ఫీజు కట్టాలి. ప్రతిసారీ అదనపు రుసుముతో ఆరు నెలల గడువు ఇస్తారు. దాన్ని బట్టి 502తో ముగిసే పేటెంట్ మొదటి ఫీజు 2024 ఆగస్టు 9 లోపు, లేదా అదనపు రుసుముతో 2025 ఫిబ్రవరి లోపు కట్టవలసింది. రెండవ ఫీజుకు గడువు 2028 ఆగస్టు 9. అయితే కట్టకపోయినా పేటెంట్ రద్దయ్యేది ఆరు నెలల అదనపు గడువు కూడా దాటాక, అంటే 2029 ఫిబ్రవరి 9న. అప్పటికి ఐదున్నర నెలల ముందే, ఆగస్టు 25న, ఇరవై ఏళ్లు పూర్తయి పేటెంట్ తనంతట తానే ముగిసి ఉంటుంది. ఇక 648తో ముగిసేదాని రెండవ ఫీజు గడువు 2028 సెప్టెంబరు 16, అంటే అది పోయిన మూడు వారాలకు. రెండింటికీ రెండవ ఫీజు కట్టవలసిన అవసరమే యజమానికి లేదు. ఫీజు ఎగ్గొడితే ముందే పడిపోతుందేమోనని ఆశగా కాచుకు కూర్చునే క్లయింట్లకు నేను ఈ లెక్కను కాగితం మీద వేసి చూపిస్తుంటాను. పెట్టుకున్న ఆశ మొదటి ఫీజుతోనే అయిపోయింది. 2025 ఆగస్టులో కూడా ఈ పేటెంట్ల మీద దిగుమతి ఉత్తర్వు పరిధి గురించి వివాదం నడుస్తూనే ఉంది.

దేశం మారితే తేదీ మారుతుంది

కంటిన్యుయేషన్ అన్నది అమెరికా పద్ధతి. యూరప్‌లో దానికి దగ్గరగా ఉన్నది డివిజనల్ దరఖాస్తు, అంటే తల్లి దరఖాస్తు నుంచి విడదీసి పెట్టేది. అది తల్లి దాఖలు తేదీనే తనదిగా ఉంచుకుంటుంది. అక్కడ ఇరవై ఏళ్లు యూరోపియన్ దరఖాస్తు దాఖలు తేదీ నుంచి, అంతర్జాతీయ దరఖాస్తు ద్వారా వచ్చినదైతే ఆ అంతర్జాతీయ దాఖలు తేదీ నుంచి లెక్కిస్తారు. అమెరికాలోని డిజైన్ దరఖాస్తు అక్కడి కాలపరిమితిని ముట్టుకోలేదు. అందువల్ల 2009 జులైలో పెట్టిన అంతర్జాతీయ దరఖాస్తు నుంచి ఎక్కడైనా ఒక పేటెంట్ వచ్చి, ఏటా రెన్యువల్ ఫీజులు కడుతూ ఉంటే, అది అమెరికాలోని బంధువుల కన్నా దాదాపు ఏడాది ఎక్కువ బతుకుతుంది. తయారీ ఒక దేశంలో, అమ్మకం మరో దేశంలో ఉండే పరికరానికి ఈ తేడా గోడౌన్ల దాకా వస్తుంది.

తేదీ తేలాక మిగిలేవి

గడువు ముగిసిన మరుసటి రోజు నుంచి అంతా స్వేచ్ఛ అన్నది కూడా పూర్తి నిజం కాదు. గడువు ముగిశాక ఉత్పత్తిని ఆపించలేరు గానీ, గడువులోపు జరిగిన ఉల్లంఘనకు ఆరేళ్ల వెనక్కి వెళ్లి నష్టపరిహారం అడగవచ్చు. ఇదే రెండు కంపెనీల మధ్య మరో కేసులో 2025 నవంబరులో కాలిఫోర్నియా జ్యూరీ యాపిల్ మీద 63.4 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించింది. ఆ కేసులోని పేటెంట్ గడువు 2022లోనే తీరిపోయింది. కాబట్టి క్లయింట్‌కు గట్టిగా చెప్పిన మాట ఇది: 2028 ఆగస్టు 25కు ముందు అమెరికాలో ముందస్తు బుకింగులు తీసుకోవద్దు, ప్రదర్శన కోసమైనా నమూనాలను దిగుమతి చేయవద్దు, పంపిణీదారులకు ధరల పత్రం పంపవద్దు. తయారీ, వాడకం, అమ్మకం, అమ్మజూపడం, దిగుమతి, ఈ ఐదూ ఉల్లంఘన కిందికే వస్తాయి. నియంత్రణ సంస్థకు సమర్పించే సమాచారం కోసం చేసే పరీక్షలకు ఒక మినహాయింపు ఉంది. వైద్య పరికరాలకూ అది వర్తిస్తుందని అమెరికా సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. కానీ అనుమతి అడగకుండా కేవలం ఆరోగ్య సూచికగా అమ్మే పరికరానికి ఆ గొడుగు లేదు. ఏ దారిలో వెళ్తారో క్లయింట్ ముందే తేల్చుకోవలసి వచ్చింది.

ఆగడం ఇష్టంలేనివారికి ఇంకో రెండు దారులు ఉంటాయి. ఒకటి క్లెయిమ్‌లకు దొరకకుండా రూపకల్పన మార్చడం. యాపిల్ 2025 ఆగస్టులో అమెరికాలో ఈ సదుపాయాన్ని తిరిగి తెచ్చినప్పుడు, సెన్సర్ సమాచారం మీద లెక్కింపును గడియారంలో కాక జతపరచిన ఫోనులో జరిగేట్టు మార్చి, కస్టమ్స్ నుంచి నిర్ణయం తెచ్చుకుంది. రెండవది పేటెంట్ చెల్లదని తేల్చడం. గడియారంలో ఈసీజీ విషయమై అలైవ్‌కోర్ కంపెనీ కమిషన్ ముందు గెలిచినా, దాని పేటెంట్లు చెల్లవని పేటెంట్ ఆఫీసులోని పేటెంట్ ట్రయల్ అండ్ అప్పీల్ బోర్డు తేల్చడంతో ఆ ఉత్తర్వు అమల్లోకి రాలేదు. 2025 మార్చిలో ఫెడరల్ సర్క్యూట్ బోర్డు నిర్ణయాన్ని సమర్థించింది. ఈ రెండు దారులూ ఖర్చుతో కూడినవి. మూడేళ్ల లోపే ముగిసే కుటుంబం మీద చిన్న కంపెనీ అంత ఖర్చు పెట్టడం నా లెక్కలో తెలివైన పని కాదు, అదే వారికి చెప్పాను.

చివరగా క్లయింట్ అడిగింది కొత్త దరఖాస్తుల గురించి: "వాళ్లు రేపు ఇంకో కంటిన్యుయేషన్ పెడితే మళ్లీ ఇరవై ఏళ్లా?" కాదు. ఇదే గొలుసును చెప్పుకుని ఎప్పుడు పెట్టినా చివరి రోజు 2028 ఆగస్టు 25నే, ఆఫీసు ఆలస్యం వల్ల కలిసే రోజులు తప్ప. అయితే ఆ మధ్యలో కొత్త క్లెయిమ్‌లు మన పరికరానికి సరిగ్గా సరిపోయేలా రావచ్చు కనుక, ప్రతి మూడు నెలలకు ఒకసారి ఈ కుటుంబంలో కొత్తగా ప్రచురితమైనవీ మంజూరైనవీ చూసి పంపే ఏర్పాటు చేశాము. అదే యజమాని వేరే కుటుంబాలు దీని పరిధిలోకి రావు; వాటికి విడిగా చెట్లు గీశాము.

నివేదిక మొదటి పేజీలో ఇప్పుడు మూడు తేదీలున్నాయి. 2040 సెప్టెంబరు 24 కొట్టివేసి ఉంది, పక్కన కారణం రాసి ఉంది. నా ముసాయిదాలోని 2029 జులై 2ను కూడా అలాగే కొట్టివేసి ఉంచాను. దాన్ని పూర్తిగా తీసేయమని క్లయింట్ అడిగినా తీయలేదు, ఎందుకంటే వారి పెట్టుబడిదారుల తరఫున ఇంకెవరైనా లెక్క వేస్తే మొదట చేరేది అక్కడికే. మూడవది 2028 ఆగస్టు 25, శుక్రవారం. వారి రవాణా ప్రణాళికలో మొదటి కన్సైన్‌మెంట్ అమెరికా రేవులో దిగే తేదీని ఆ తర్వాతి సోమవారం, ఆగస్టు 28కి మార్చారు.